ఎండకు పోయిన తొమ్మిది కిలోలు

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. ఫ్యాను కింద కూర్చుంటే దాని గోలలో సగం మాట గాలికే పోతుంది. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఈ ఏడు బీకాం పూర్తిచేసి ఎవరో ఒక ఆడిటరు దగ్గర లెక్కల పనికి చేరబోయేవాళ్ళు ముందుకు రండి. మీకు పనికొచ్చే సంగతి ఒకటి నా దగ్గర ఉంది. మిగతావాళ్ళు నవ్వుకోవడానికి వినండి, నాకేం అభ్యంతరం లేదు.

నేను లెక్కలు రాసిన మనిషిని కాను. కర్నూలులో ఒక ఆడిటరు ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు అటెండరుగా చేసి దిగిపోయాను. ఊడ్చడం, నీళ్ళు పట్టడం, టీ తేవడం, ఫైళ్ళు కుట్టడం, మావాళ్ళు ఎవరైనా బయటి ఊళ్ళకు లెక్కలు చూడబోతే రిజిస్టర్ల సంచీ మోసుకుని వెంట పోవడం, అదీ నా ఉద్యోగం. చదువు నాలుగో తరగతితో ఆగింది. పుట్టింది మాత్రం మగ్గాల ఇంట్లో. నడక రాకముందే పడుగు దారాల కింద పాకినదాన్ని. ఆఫీసులో ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఐదారేళ్ళ కిందట మా ఆఫీసుకు కొత్తగా ఒక పిల్ల వచ్చింది. ఆలూరు పక్కన ఏదో పల్లె. వాళ్ళ నాయన వానను నమ్ముకుని కొర్రలూ వేరుశనగా వేసే మనిషి. ఆదివారం చర్చికి పోనిదే ఆ ఇంట్లో పొయ్యి వెలగదట. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి ఆ పిల్ల కళ్ళు మూసుకునేది. తెరిచేదాకా నేను నా కూర గిన్నె పట్టుకుని ఎదురుచూసేదాన్ని. ప్రార్థన మధ్యలో కూర వడ్డిస్తే ఎట్లా?

పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకుంది గానీ, కాగితానికి చిల్లు పెట్టే మిషను ఎటు పట్టుకోవాలో తెలియదు. సారు అటు పోయినా ఇటు పోయినా లేచి నిలబడేది. ఒకరోజు సారే విసుక్కున్నారు.

"ఏమ్మా, నేను బాత్రూముకు పోతాండా. దానికి కూడా లేస్తావా?"

చేరిన మొదటి వారం పనేమీ ఇవ్వకపోతే తనకు తానే ఆఫీసు సామాన్ల జాబితా తీసింది. స్టేప్లర్లు ఆరు ఉండాలి, నాలుగే ఉన్నాయని తేల్చింది. ఒకటి సారు గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టినట్టు కనిపెట్టింది. ఆరోది మా ఇంట్లో ఉంది. మరునాడు తెచ్చి ఎవరూ చూడకుండా పెట్టేశాను. ఆ పిల్ల చూసింది, జాబితాలో ఆరు అని దిద్దుకుంది. అప్పటినుంచి ఆమె అంటే నాకు భయమూ ఇష్టమూ రెండూ.

సారు ఆమెతో ముందే చెప్పారు. "మూడు నెలలు చూస్తా. పని కుదిరితే ఉంటావు. కుదరకపోతే ఆలూరుకు బస్సు ఉండనే ఉండాది."

మార్చి నెలాఖరు వచ్చింది. మీరు చేరినాక మీకే తెలుస్తుంది, ఆ రోజుల్లో ఆడిటరు ఆఫీసులో మనుషులు నడవరు, పరిగెత్తుతారు. పెద్దవాళ్ళందరూ తలా ఒక ఊరు పోయారు. కోడుమూరు అవతల ఒక మగ్గాల ఊళ్ళో నేతగాళ్ళ సంఘం ఉంది. దాని కొట్టులో ఉన్న నూలు చూసి రావడానికి మనిషి లేడు. సారు ఆ పిల్లను పిలిచారు.

"నువ్వు పో. ఈ అమ్మ సంచీ పట్టుకొస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకో. కొట్టు మనుషులు రెండు సాకులు చెప్తారు. ఒకటి ఎలుకలు, రెండోది ఎండ. రెండూ నువ్వు రాసుకోవద్దు. తూకంలో ఎంతొస్తే అంతే రాసుకో."

ఆ పిల్ల ఆ మాటలను కూడా నోటుబుక్కులో రాసుకుంది.

సంఘం కొట్టు ఒక రేకుల గది. పొద్దున పదికే లోపల పెనంలా ఉంది. దాన్ని చూసుకునే గుమాస్తా సన్నటి పెద్దాయన, కళ్ళజోడుకు ఒక పక్క దారం కట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ కొట్టు తాళాలు ఆయన మొలలోనే ఉన్నాయి. వచ్చే నెలతో పని నుంచి దిగిపోతున్నాడు. అంతకుముందు లెక్కలు చూడబోయినవాళ్ళు అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు సంతకం పెట్టి వచ్చేవాళ్ళు. ఈ పిల్ల మజ్జిగ తాగింది, గ్లాసు పక్కన పెట్టింది, కాటా అడిగింది.

"కాటానా?" అన్నాడు పెద్దాయన.

"అవును సార్. అంతా తూకం వేయాల."

ఆయన ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. పాత చీరతో కప్పిపెట్టిన కాటా తెచ్చి, దుమ్ము తుడిచి, నడిమధ్యన పెట్టాడు. అరల్లోంచి రంగు నూలంతా ఒక్కొక్క పిడి, అంటే ఒక్కొక్క కట్ట, దించి మధ్యాహ్నం దాకా తూచాం. ఆ పిల్ల కూడింది. మళ్ళీ కూడింది. మూడోసారి ఫోనులో కూడింది. పుస్తకంలో ఉన్నదానికి తొమ్మిది కిలోలు తక్కువ.

"తొమ్మిది కిలోలు తగ్గింది సార్," అంది.

పెద్దాయన నింపాదిగా అన్నాడు. "ఎండకు పోయింటాది పాపా."

ఆ పిల్ల నా వైపు చూసి పెదవి కొరికింది, నవ్వు ఆపుకోవడానికి. సారు చెప్పిన రెండో సాకు అచ్చంగా అట్లాగే వచ్చేసింది కదా.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. పత్తి నూలు గాలిలోని తడి పీల్చుకుంటుంది. ఎండాకాలం ఆ తడి పోతే తేలికవుతుంది. మా అమ్మ చైత్రం రాగానే మగ్గం ఇంట్లో నేలంతా నీళ్ళు చల్లేది, కిటికీకి తడి గోనెపట్టా కట్టేది. లేకపోతే దారం పుటుక్కు పుటుక్కున తెగేది. "దానికీ దాహమవుతాది," అనేది. వానాకాలం కొన్న నూలును ఎండాకాలం చేతికి తీసుకుంటే తేడా నాకు పదేళ్ళకే తెలిసేది. అంత తెలిసినదాన్ని, సంచీ ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాను.

ఎందుకంటారా? అంతకు చాలా ఏళ్ళ ముందు, లెక్కల పని మీద ఆఫీసుకు వచ్చిన ఒక పార్టీ ముందర నేనేదో మాట కలిపితే సారు అన్నారు, "నువ్వు వచ్చింది సంచీ మోయడానికి, లెక్క మోయడానికి కాదు" అని. ఆ మాట పట్టుకుని అన్నేళ్ళు నోరు కట్టుకున్నాను. చదువుకున్న పిల్ల తూచింది, రాసింది, మధ్యలో నాకెందుకు అనుకున్నాను. నోరు తెరవకుండా ఉండటం అంత సులభమైన పని ఇంకొకటి లేదు. అందుకే దాన్ని మంచితనమని పొరపాటు పడతాం.

"ఎండకు ఎట్లా పోతుంది సార్?" అని ఆ పిల్ల మర్యాదగానే అడిగింది. ఆ గొంతులో నమ్మకం లేదని పెద్దాయనకు అర్థమైంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తూకం మీది, పుస్తకం మీది. ఎట్లా అనిపిస్తే అట్లా రాసుకోండి," అని తాళం చేతిలోకి తీసుకున్నాడు.

తిరుగు బస్సు కోసం కోడుమూరులో నిలబడితే ఆ పిల్ల కాళ్ళు నేల మీద ఆనలేదు. దోసకాయ ముక్కలు కొని, ఉప్పూ కారం చల్లించి నా చేతిలో పెట్టింది.

"పెద్దమ్మా, నా మొదటి పని. ఇన్నేండ్లలో ఎవురూ పట్టలేకపోయినారంట చూడు. మా నాయనకు ఫోన్ చేసి చెప్తా."

"చెప్పు పాపా," అన్నాను. దోసకాయ నములుతూ బస్సు వచ్చే దారి చూశాను.

మరునాడు సారు రిపోర్టు చదివి బల్ల మీద అరచేత్తో కొట్టారు. "శభాష్. పోయే ముందు దొరికినాడు చూడు పెద్దమనిషి. సోమవారం వాళ్ళ కమిటీ కూచుంటుంది, ఈలోపల పంపించేయండి. ఆయనకు రావలసిన దాంట్లోంచి నూలు ఖరీదు పట్టుకుంటారు." ఆ రిపోర్టు కుట్టే పని నాకే వచ్చింది.

సూదీ దారం తీసుకుని కూర్చున్నాను. దొరికినాడు అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. ముప్ఫై ఏళ్ళు ఒక ఊళ్ళో తల ఎత్తుకుని తిరిగిన మనిషి దొంగ అన్న పేరుతో తాళాలు అప్పజెప్పి పోవాలి. ఆ పేరును ఆ కాగితాలకు కుడుతున్నది నా చేతులే. మూడుసార్లు దారం ఎక్కించాను, మూడుసార్లూ జారిపోయింది. ఆ పిల్ల నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"ఏమయింది పెద్దమ్మా? కండ్లు కనపడ్తాలేవా?"

"కండ్లు బాగానే ఉండాయి పాపా. ఆయన చెప్పింది నిజం. నూలు ఎండకు తగ్గుతాది."

చెప్పేశాను. అమ్మ సంగతి, గోనెపట్టా సంగతి, అన్నీ. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది.

"నిన్న నా పక్కనే ఉండావు కదా? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నువ్వు కొనిచ్చిన దోసకాయ."

ఆమెకు నవ్వు రాలేదు. వచ్చినా దాచుకుంది. నా చేతిలోంచి కాగితాలు లాక్కుని, నేరుగా సారు గదిలోకి పోయింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"సార్, ఈ రిపోర్టు తప్పు అయ్యిండొచ్చు. మల్ల చూడాల."

సారు తల ఎత్తలేదు. "ఎందుకు?"

"నూలు ఎండకు తగ్గుతాదంట సార్."

సారు ఇప్పుడు తల ఎత్తారు. "రెండో సాకు నీతోనే చెప్పించినాడే ఆయప్ప. నీ మూడు నెలలు ఇంకా అయిపోలేదు, తెలుసా?"

"తెలుసు సార్."

"నీకెవరు చెప్పినారు?"

ఆ పిల్ల నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను బతికిపోయేదాన్ని. చెప్పకపోయేసరికి నేనే లోపలికి పోవలసి వచ్చింది.

"నేనే సార్."

సారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఇన్నేండ్లకు సంచీకి నోరొచ్చిందే."

"నోరు ముందునుంచీ ఉండాది సార్. టీ తెచ్చినా అనేదానికి తప్ప దాంతో పనిబడలేదు."

సారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆయన కోపిష్టి మనిషే గానీ పందెమంటే చెవి కోసుకుంటారు. "సరే పదండి. నూలుకు దాహమెట్లా అవుతుందో నా కంటితో నేనే చూస్తా. చూపించలేకపోతే ఇద్దరికీ చెప్తా."

శనివారం పొద్దున్నే ముగ్గురం కారులో పోయాం. కొట్టుకు ఎదురుగా ఒక నేతగత్తె ఇల్లు. గుంట మగ్గం, మట్టి నేల, పొద్దున చల్లిన నీళ్ళ తడి, కిటికీకి గోనెపట్టా, అచ్చం మా అమ్మ ఇల్లే. కొట్టులోంచి సరిగ్గా ఐదు కిలోలు తూచి తెచ్చి, పిడులు విప్పి, ఆ ఇంట్లో కట్టిన తీగ మీద ఆరేశాం. సారు స్టూలు అడిగి తీసుకుని ఆ తీగ కింద కూర్చున్నారు.

"ఎవురూ నీళ్ళు చల్లకుండా నేను ఈడనే ఉంటా," అన్నారు.

ఆ నేతగత్తె గుంటలోంచి తల ఎత్తింది. నడివయసు మనిషి, నోరు మగ్గం కంటే చురుకు.

"ఏం సార్, నూలు పారిపోతాదా? కాలు లేదే దానికి."

"నీ పని నువ్వు చూసుకోమ్మా."

"నా పని నేను చూస్తానే ఉండా. మీరే ఊరకే కూచున్నారు. ఆ కండె ఇట్లా అందీండి."

సారు దారం చుట్టిన ఆ కండె అందించారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఎనిమిది కండెలు అందించారు, రెండుసార్లు తెగిన దారం పట్టుకున్నారు. మేం అరుగు మీద కూర్చుని కిటికీలోంచి చూసి నవ్వుకున్నాం. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కొట్టు గుమ్మంలో, మాకు దూరంగా, తాళాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

రెండు గంటలకు నూలు దించి తూచారు. ఐదు కిలోల నూట అరవై గ్రాములు. సారు కాటాను తట్టారు. దించి మళ్ళీ పెట్టారు. నూలు పిండి చూశారు, చెంపకు ఆనించుకుని చూశారు. చేతికి తడి తగలదు. తూకం మాత్రం ఉంది.

"తాగింది," అన్నారు చివరికి. "నా ఎదురుగానే తాగింది."

నా గుండె తేలికపడింది. ఇక ఇంటికి పోవచ్చు అనుకున్నాను. అప్పుడు ఆ పిల్ల ఒక మాట అడిగింది చూడండి, లెక్కల మనిషి అంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది.

"సార్, ఎండకు తగ్గుతాదని తెలిసింది. కానీ తొమ్మిది కిలోలూ ఎండకే తగ్గిందని ఎట్లా చెప్పేది? నాలుగు ఎండకు పోయి, ఐదు ఇంకెట్లనో పోయిండొచ్చు కదా? ఊరకే మంచోడు అని రాయలేను సార్. తెలిసే రాయాల."

ఎదుటి గుమ్మంలో పెద్దాయనకు ఆ మాట వినబడింది. లేచి కొట్టులోకి పోయాడు. నొచ్చుకున్నాడేమో, ఇక రాడేమో అనుకున్నాను. కాసేపటికి తిరిగి వచ్చాడు. చేతిలో పాత గుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి ఉంది. కొట్టులో రాములవారి పటం వెనక ఉండేదట అది.

సారు ముఖం మారిపోయింది. "రెండో లెక్క పుస్తకమా?"

"అవును సార్."

"ఇన్నేండ్లు దాచిపెట్టినావా?"

"మీరే కద సార్ అన్నది. ఒక తూరి మీరే వచ్చినారు, జుట్టు నల్లగా ఉండేది మీకు. రెండు పుస్తకాలు పెట్టినోడిని జైల్లో ఏపిస్తా అన్నారు. అప్పుడు ఎత్తిపెట్టినా పటం ఎనక."

సారు తల గోక్కున్నారు. ఆ జుట్టు ఇప్పుడు నల్లగానూ లేదు, ఎక్కువగానూ లేదు.

ఆ పుస్తకంలో దొంగ లెక్కేమీ లేదు. నేతగాళ్ళు నూలును తూకంతో తీసుకోరు. ఎండకో తూకం వానకో తూకం అయితే ఎవరికి నష్టమో ఎవరికి తెలుసు? అందుకని చిలపల లెక్కన తీసుకుంటారు. చిలప అంటే ఇంత పొడుగు దారమని కొలిచి చుట్టిన చుట్ట. ఇరవై చిలపలు కలిపి ఒక పిడి. పొడుగును ఎండ ఏమీ చెయ్యలేదు. రంగు వేసేవాడి దగ్గర్నుంచి ఎన్ని పిడులు వచ్చాయి, ఏ ఇంటికి ఎన్ని పోయాయి అంతా పెద్దాయన ఈ చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఆఫీసుకు కిలోలు కావాలి కాబట్టి వాటిని కిలోలు చేసి పెద్ద రిజిస్టరులో ఎక్కించేవాడు. అసలు లెక్క పటం వెనక, కొసరు లెక్క బల్ల మీద. ముప్ఫై ఏళ్ళుగా మా ఆఫీసు సంతకం పెట్టింది కొసరు లెక్కకు.

ఆ పిల్ల పుస్తకం తెరిచి చివరి పేజీ చూసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. మిగులు ఎన్ని పిడులో అక్కడ ఉంది.

"తాతా," అంది. అంతవరకూ సార్ అని పిలిచేది. "మల్ల మొదటినుంచీ లెక్కపెడదామా?"

"రెండు దినాలు పడుతాది పాపా."

"పట్టనీ."

సారు కారులో వెనక్కి పోయారు. శని, ఆదివారాలు ఆ రేకుల గదిలో మిగతా ముగ్గురం నేల మీద కూర్చుని లెక్కపెట్టాం. ఆదివారం చర్చికి పోలేదని వాళ్ళమ్మ ఫోనులో కేకలేస్తే, "నిజాన్నే లెక్కపెడుతాండాలే మా" అని పెట్టేసింది. పెద్దాయన ఒక వైపు నుంచి, ఆ పిల్ల ఒక వైపు నుంచి, లెక్క తప్పితే మొదటికి పోవడం, నేను విడిపోయిన పిడులు ముడి వేయడం. నా వేళ్ళకు ముడి ఇంకా గుర్తుంది. అది చూసి పెద్దాయన నన్ను అడిగాడు.

"నువ్వు మా వాళ్ళ బిడ్డవా మా?"

"అవునన్నా."

"మొన్న చెప్పకపోతివే."

"తప్పయిపోయిందన్నా," అన్నాను. ఆయన ముడి వేయాల్సిన పిడి ఒకటి నా ముందుకు తోశాడు.

ఆదివారం పొద్దువాలే వేళకు లెక్క తేలింది. ఒక పిడి తక్కువ. ఆ పిల్ల మళ్ళీ కూడింది, మళ్ళీ ఒకటి తక్కువ. ముఖాలు వాడిపోయాయి. అంతలో ఎదురింటి నేతగత్తె పిడి ఒకటి భుజాన వేసుకుని వచ్చింది.

"మీ సారు చెంపకు ఆనించుకుని సూసిన పిడి, తూకమైనాక మల్ల తీగ మీదనే ఏసిపోయినాడు. ఆయన అంత కాపలా కాసినాక నేను ముట్టుకుంటే దొంగతనమంటాడేమోనని తీయలే."

లెక్క సరిపోయింది. ఒక్క చిలప ఎక్కువ లేదు, తక్కువ లేదు.

సోమవారం కమిటీకి పోయింది కొత్త రిపోర్టు. అది కూడా నేనే కుట్టాను, ఈసారి దారం మొదటిసారే ఎక్కింది. ఇకమీద నూలును చిలపల్లోనే లెక్కపెట్టాలని అందులో ఆ పిల్లే రాసింది, సారు సంతకం పెట్టారు. ఆ ఏడు నుంచి కొత్తగా చేరిన పిల్లలకు సారు చెప్పే జాగ్రత్తల్లోంచి ఎండ పోయింది. ఎలుకలను మాత్రం ఇప్పటికీ నమ్మరట. ఆ పిల్ల మూడు నెలలు ఎప్పుడు నిండాయో ఎవరూ చూసుకోలేదు. ఇప్పుడు ఆమె కింద నలుగురు పనిచేస్తున్నారు. ఎక్కడికి పోయినా ముందు అక్కడ నీళ్ళిచ్చే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతుందట. ఈ పద్ధతి నావల్లే వచ్చిందని నేను అందరికీ చెప్పుకుంటాను. నా మాట ఒక రోజు ఆలస్యంగా వచ్చిందన్న ముక్క మీకు మాత్రమే చెప్తున్నాను.

పెద్దాయన తాళాలు అప్పగించే రోజున సంఘంవాళ్ళు మమ్మల్ని కూడా పిలిచారు. దండలు వేశారు, శాలువా కప్పారు, ఆయన నిజాయితీ గురించి అందరూ మాట్లాడారు. ఆ పిల్ల వెనక వరసలో తలొంచుకుని కూర్చుంది. అంతా అయ్యాక ఆయన దండ తీసి చేత్తో పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆ పిల్ల లేచి నిలబడింది.

"తాతా, ఆ పొద్దు మిమ్మల్ని నమ్మలేదు. క్షమించండి."

"నువ్వు నమ్మకపోవడమే మంచిదయింది పాపా," అన్నాడు ఆయన. "ముప్ఫై ఏండ్లు అందరూ నా ముఖం చూసి సంతకం పెట్టినారు. నేను మంచోడినని నాకొక్కడికే తెలుసు. అది ఒక మనిషికి చాలదు. నా కొట్టు లెక్కపెట్టి మంచోడు అన్నది నువ్వొక్కదానివే."

ఆ పూలదండ ఆ పిల్ల చేతిలో పెట్టి ఇంటిదారి పట్టాడు.

లేవండి ఇక, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. మీ ఇళ్ళల్లో ఎంత ఎండ కాసినా నీళ్ళ కుండ నిండుగా ఉండాలి. మీ పిల్లలు మొదటిరోజు పనికి పోయిన చోట మంచి మనుషులు ఎదురుపడాలి. మీ ఇంట్లో తెలిసిన మాటను గొంతులో దాచుకునేవాళ్ళు ఉండకూడదు, చెప్పినప్పుడు విసుక్కునేవాళ్ళూ ఉండకూడదు. అందరూ చల్లగా ఉండండి.